మెతుకు నుంచి మెదక్ దాకా: ఒక ఉకారం చరిత్ర

ఊరి పేరు ఆ ఊరిని ఏలిన భాషలన్నింటికీ సాక్షి. మెదక్ పట్టణం పేరు ఈ విషయంలో మరీ విలువైన సాక్ష్యం. ఎందుకంటే ఆ ఒక్క పేరులోనే కాకతీయుల నాటి తెలుగూ, గోల్కొండ, ఆసఫ్‌జాహీ పాలకుల ఫారసీ, ఉర్దూలూ, ఆ తరువాత వచ్చిన ఇంగ్లీషూ ఒకదాని మీద ఒకటి పొరలుగా పేరుకొని ఉన్నాయి. ఆ పొరలను విడదీసి చూస్తే భాషాశాస్త్రంలో చాలాకాలంగా చర్చకు నిలిచిన ఒక ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. పదం ఏ ముక్కలతో కట్టబడిందన్నది ఒక సంగతి, ఆ పదం ఎలా పలుకుతుందన్నది మరొక సంగతి అని పైకి తోచినా, ఈ రెండూ ఒకదానినొకటి శాసించుకుంటాయి. పదాన్ని కట్టే అర్థవంతమైన ముక్కను పదాంశమనీ, పలుకులో అర్థభేదాన్ని తెచ్చే ధ్వనిని వర్ణమనీ అంటారు. రెండు పదాంశాలు కలిసే అతుకు దగ్గర వర్ణాలు మారడం, పోవడం, కొత్తగా పుట్టడం ప్రతి భాషలోనూ ఉన్నదే. మన వ్యాకర్తలు సంధి అని పేరుపెట్టి వందల ఏళ్ళుగా చెబుతున్నది దీనినే. ఇంగ్లీషు భాషను శోధించిన పండితులు దీని లోతు తెలుసుకోవడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది.

మెదక్ కొండ మీది కోట కాకతీయుల కాలం నాటిదనీ, దానికి మెతుకు దుర్గమనీ చుట్టుపక్కల నేలకు మెతుకు సీమ అనీ పేర్లుండేవనీ, ఆ మెతుకే మెదక్ అయిందనీ స్థానిక సంప్రదాయం చెబుతుంది. మెతుకు అంటే ఉడికిన అన్నపు గింజ. మంజీరా నది పారే ఈ సీమకు అన్నంతో ముడిపడిన పేరు రావడంలో వింతేమీ లేదు. అయితే మెతుకులోని తకారం మెదక్‌లో దకారంగా మారడమూ, నడిమి ఉకారం అకారంగా మారడమూ పరాయి పాలకులు నోరు తిరగక చేసిన వికారాలని సాధారణంగా అనుకుంటారు. తెలుగు పాత రూపాలను ఎదురుగా పెట్టుకొని చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. నేటి వాడుకలో వెతుకు అన్న క్రియ కావ్యభాషలో వెదకు. నేటి బతుకు, బ్రతుకులకు ప్రాచీన రూపం బ్రదుకు. అంటే పదం నడుమ దకారానికీ తకారానికీ, అకారానికీ ఉకారానికీ మధ్య రాకపోకలు తెలుగులోనే ఉన్నాయి. వెతుకుకు వెదకు ఎలాంటిదో మెతుకుకు మెదకు సరిగ్గా అలాంటిదే. కాబట్టి పేరులో మూడింట రెండు వంతుల మార్పు తెలుగు నేల మీద, తెలుగు నోటనే జరగగలిగినదని చెప్పడం సబబు. పరభాష చేసినదల్లా చివరి ఉకారాన్ని తుంచడం ఒక్కటే.

ఆ ఉకారం ఎందుకు తెగిందో తెలియాలంటే అది అసలు ఎందుకు ఉన్నదో ముందు తెలుసుకోవాలి. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. తమిళంలో కాల్ అన్నది తెలుగులో కాలు, తమిళంలో రాయి అనే అర్థమున్న కల్ తెలుగులో కల్లు అనే పాత రూపంలో కనిపిస్తుంది. ఈ చివరి ఉకారం ధాతువులో భాగం కాదు, హల్లుకు ఊతగా నిలిచిన తేలికపాటి అచ్చు. అందుకే పక్కన మరొక అచ్చు రాగానే అది తప్పుకుంటుంది. వాడు, ఎక్కడ అన్న రెండు మాటలు కలిస్తే వాడెక్కడ అవుతుంది. ఉత్తుకు సంధి నిత్యమని వ్యాకరణాలు చెప్పడంలోని అంతరార్థం ఇదే. ఫారసీ, ఉర్దూలలో పరిస్థితి దీనికి ఎదురు. అక్కడ మాట హల్లుతో హాయిగా ముగుస్తుంది. పైగా హ్రస్వ అచ్చులకు ఆ లిపిలో సాధారణంగా అక్షరం వేయరు. మెదకు అన్న పేరు ఆ లిపిలో దఫ్తరులోకి ఎక్కినప్పుడు కొనను ఉన్న ఉకారానికి కాగితం మీద చోటే లేకపోయింది. నిజాం రాజ్యంలో ఫారసీ, 1880ల నుంచి ఉర్దూ అధికార భాషలుగా సాగినన్నాళ్ళూ ఊరి పేరు దఫ్తరులో ఉన్నట్టే పలకడం అలవాటైంది. ఆ కాలంలోనే ఈ ప్రాంతానికి గుల్షనాబాద్ అనే పేరు కూడా పెట్టి, సుబాను మెదక్ గుల్షనాబాద్ అని వ్యవహరించారు. పూలతోట అనే అర్థమిచ్చే గుల్షన్, నివాసమనే అర్థమిచ్చే ఆబాద్ కలిసిన ఆ సమాసంలో మొదటి మాట కొనలోని నకారం రెండో మాట మొదటి ఆకారాన్ని అంటిపెట్టుకొని ‘నా’ అయింది. పదాంశాల హద్దు ఒకచోట, అక్షరాల హద్దు మరొకచోట పడడానికి ఇది చక్కని ఉదాహరణ. ఆ పేరు జనం నోట నిలవలేదు, మెదక్ నిలిచింది.

దఫ్తరులో చివరి ఉకారం తెగుతూ ఉండగా, పల్లెల్లో అదే మాటకు ఇంకొక రకమైన కోత పడింది. తెలంగాణ వ్యవహారంలో మాట నడిమి హ్రస్వ అచ్చు తరచుగా జారిపోతుంది. అడుగు అడ్గు అవుతుంది, ఉరుకు ఉర్కు అవుతుంది, అదే తీరున మెతుకు మెత్కు అవుతుంది. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, నడిమి అచ్చు పోవాలంటే చివరి అచ్చు నిలవాలి. చివరి అచ్చు పోతే నడిమి అచ్చు నిలిచి తీరాలి. రెండూ పోతే మిగిలేది పలకడానికి వీలులేని హల్లుల గుంపు. ఒకే మాట రైతు నోట మెత్కు అనీ, గుమాస్తా కలాన మెదక్ అనీ రెండు దారులు పట్టడానికి కారణం ఈ నియమమే. జిల్లాలోని నర్సాపూర్ పేరులో ఈ రెండు కోతలూ ఒక్కచోటనే కనిపిస్తాయి. నరసాపురంలో మొదటి సగాన తెలుగు నోరు రకారం మీది అచ్చును జార్చి నర్సా చేసింది. రెండో సగాన దఫ్తరు లిపి పురాన్ని వావ్ అక్షరంతో రాసి పూర్ చేసింది. ఇంగ్లీషులోనూ ఈ కోత ఉంది. ఆకలి అనే అర్థమిచ్చే హంగర్‌కు ‘ఈ’ ప్రత్యయం చేర్చి విశేషణం చేస్తే హంగరీ కాక హంగ్రీ అవుతుంది. ప్రత్యయం తెచ్చిన కొత్త అచ్చు ఊతమివ్వడంతో నడిమి అచ్చుకు పని లేకుండా పోతుంది.

మంజీరా మీద మెదక్ దగ్గర 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్ట ఈ చరిత్రలో ఒక చిత్రమైన ఘట్టం. ఊరి పేరు ఘనపురం నుంచి ఘనపూర్ అయింది. దాని కాలువలకు మహబూబ్ నహర్, ఫతే నహర్ అని ఉర్దూ పేర్లు వచ్చాయి. ఇంగ్లీషు కాగితాలలో మాత్రం ఆ కట్టడం అనికట్ అన్న మాటతో నమోదైంది. ఆ మాట ఇంగ్లీషువారిది కాదు. తమిళంలోని అణైకట్టును, అంటే మన ఆనకట్టకు తోబుట్టువైన మాటను, వారు దక్షిణాదిన నేర్చుకొని కొన అచ్చును తుంచి తమ భాషలో కలుపుకున్నారు. 1852 నాటికే ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన గోదావరి ఆనకట్టతో అది వారి ఇంజనీర్ల నిత్యవ్యవహారంలో స్థిరపడింది.

ఒకే కట్టడాన్ని సూచించే ఈ మాటలకు బహువచనం చేసి చూస్తే రెండు భాషల స్వభావమూ తేటపడుతుంది. ఇంగ్లీషు బహువచన ప్రత్యయం రాతలో ఒకటే అయినా పలుకులో మూడు. అనికట్ చివర టకారం పరుషం కనుక దాని బహువచనంలో ‘స్’ వినిపిస్తుంది. డ్యామ్ చివర మకారం కంఠంలో నాదం పుట్టించే ధ్వని కనుక అక్కడ అదే ప్రత్యయం ‘జ్’ వంటి ధ్వనిగా మారుతుంది. బెంచ్, చర్చ్ వంటి మాటల చివర ఊష్మధ్వని ఉన్నందువల్ల నడుమ ఒక ఇకారం కూడా చేరుతుంది. అంటే అక్కడ మారేది ప్రత్యయం. తెలుగులో ‘లు’ ప్రత్యయం చాలావరకు మారదు, దానికి ముందున్న మాటే దారి ఇస్తుంది. పొలం గట్టు బహువచనంలో గట్లు అవుతుంది. నాలుక కొన తాకే టకారం తరువాతి తేలిక ఉకారం లకారానికి చోటిచ్చి తప్పుకుంటుంది. కట్ట మాత్రం కట్టలే, ఆనకట్ట ఆనకట్టలే. ఆ అకారం మాటలో పాతుకొన్న అచ్చు, ఊత కోసం వచ్చినది కాదు. మెతుకులో కకారం పక్కన లకారం కుదురుకోదు కనుక మెతుకులు అన్నప్పుడు ఉకారం కదలదు. ఒకే ఉకారం గట్టులో పోవడం, మెతుకులో నిలవడం దానికి ముందున్న హల్లును బట్టి జరిగే పని.

ధ్వని ఒక్కటే అంతా నిర్ణయిస్తుందనుకోవడం కూడా పొరపాటే. దీనికి పన్ను అన్న మాటను మించిన రుజువు తెలుగులో లేదు. నోటిలోని పన్నూ, సర్కారుకు కట్టే పన్నూ ఏకవచనంలో అక్షరం తేడా లేకుండా ఒక్కటే. బహువచనంలో నోటివి మెదక్ ప్రాంతంలో పండ్లు, కోస్తాలో పళ్ళు. సర్కారువి రెండు చోట్లా పన్నులే. విభక్తిలోనూ ఇంతే: నొప్పి వచ్చేది పంటికి, భారం పడేది పన్నుకు. దంతమనే అర్థమున్న పన్ను, కన్ను, ఇల్లు అనే మాటలు చాలా పాత గుంపుకు చెందినవి. వాటి కడుపులో దాగిన టకారం కంటి, ఇంటి, పంటి అన్నప్పుడు బయటపడి, ‘లు’ చేరినప్పుడు డకారంగా మెత్తబడి కండ్లు, ఇండ్లు, పండ్లు అవుతుంది. కోస్తా వ్యవహారం ఈ డకారాన్ని లకారంలో కలిపేసి కళ్ళు, ఇళ్ళు, పళ్ళు చేసింది. కావ్యాలలో కనిపించే పాత రూపాన్ని నిలబెట్టుకొన్నది తెలంగాణ నోరే. ఈ రూపాలను మోటు మాటలుగా ఎంచి బడులలో చాలాకాలం దిద్దడం భాషా చరిత్ర దృష్ట్యా అన్యాయం; దిద్దినవారి రూపం కన్నా దిద్దించుకొన్నవారి రూపమే పాతది.

ఆ పాత గుంపులోకి కొత్తవారికి ప్రవేశం లేదు. ఇంగ్లీషు పెన్ తెలుగులో పెన్ను అయి, వినడానికి కన్ను, పన్నులకు తోబుట్టువులా ఉన్నా, పెన్నులు అంటారే తప్ప పెండ్లు అనరు; బిల్లు ఇల్లు లాగే ధ్వనించినా బిల్లులే, బిండ్లు కాదు. అదే సమయంలో కారు, పేరు అన్న మాటకు పక్కన చేరి, పేర్లు వలెనే కార్లు అయింది, లైటు లైట్లయింది, స్కూలు, కాలు కాళ్ళయినట్టే స్కూళ్ళయింది. అంటే తెలుగులో కొన్ని సంధికార్యాలు నేటికీ జీవించి ఉన్నాయి, ఏ మాట వచ్చినా తమ పని తాము చేస్తాయి. కొన్ని ఎప్పుడో మూతపడి, అప్పటికి లోపల ఉన్న మాటలకే పరిమితమయ్యాయి. ఇంగ్లీషులో ఫుట్‌కు బహువచనం ఫీట్ కావడం ఈ రెండో జాతిది. ఒకప్పుడు ఆ మాట చివర ఇకారమున్న ప్రత్యయం ఉండేది. అది ముందున్న అచ్చును తనవైపు లాగి మార్చింది, ఆ తరువాత తాను రాలిపోయింది, మార్పు మాత్రం మిగిలింది. బుక్‌కు బీక్ అని ఎవరూ అనరు. మన పన్నుకు జోడు కూడా అక్కడ ఉంది: లై అన్న క్రియకు అబద్ధమాడడం అర్థమైతే భూతకాలం లైడ్, పడుకోవడం అర్థమైతే లే. చెవికి ఒకటే అయిన రెండు మాటలను వాటి పుట్టుకే వేరు చేస్తుంది.

ఇంగ్లీషు మాటలు మెదక్‌కు గుంపుగా వచ్చినది మిషన్‌తో. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పందొమ్మిదో శతాబ్దం చివర ఇక్కడ స్థిరపడి, కరువు రోజుల్లో పని కల్పిస్తూ 1914లో మొదలుపెట్టించిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, ప్రతిష్ఠ పొందింది. దాదాపు 175 అడుగుల శిఖరమున్న ఆ కట్టడంతో పాటు బడీ, ఆస్పత్రీ, వాటి మాటలూ ఊరిలో వేళ్ళూనుకొన్నాయి. చర్చ్ తాలవ్యమైన చకారంతో ముగుస్తుంది కనుక దానికి ఊతగా ఉకారం కాక ఇకారం చేరి చర్చి అయింది; బెంచి కూడా ఇంతే. అయితే కత్తి కత్తులైనట్టు, పులి పులులైనట్టు చర్చి చర్చులు కాలేదు. చర్చిలు అనో చర్చీలు అనో రాస్తారు. ఇకారాన్ని ఉకారంగా మార్చే పాత కార్యం ఈ కొత్త అతిథి దగ్గర ఆగిపోయింది. స్కూలును తెలంగాణ నోరు ఇస్కూలు అనడం ఉర్దూ పలుకుబడి ప్రభావం. జంట హల్లుతో మాట మొదలుకాకుండా ముందు ఒక అచ్చును నిలబెట్టే ఈ పద్ధతి ఫ్రెంచిలోనూ ఉండేది, అందుకే ఇంగ్లీషులో ఒకే మూలం నుంచి స్టేట్, ఎస్టేట్ అని రెండు మాటలు మిగిలాయి.

ఆ దేవాలయం ప్రతిష్ఠ జరిగిన పండుగ పేరులోనే ఇంగ్లీషు పదనిర్మాణానికీ ధ్వనికీ ఉన్న ముడి దాగి ఉంది. ఇంగ్లీషులో క్రీస్తును క్రైస్ట్ అంటారు, ఆయన పుట్టిన పండుగను క్రైస్ట్‌మస్ అనరు, క్రిస్మస్ అంటారు. పాత ఇంగ్లీషులో ఆ పేరు దీర్ఘ ఈకారంతో క్రీస్త్. పూజ అనే అర్థమున్న మాటతో అది సమాసమై పొడవు పెరిగి, హల్లులు గుంపుగా చేరినప్పుడు ఆ దీర్ఘం హ్రస్వమైంది. సుమారు 15వ శతాబ్దం నుంచి ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ స్థానాలు మారినప్పుడు, విడిగా ఉన్న మాటలోని ఈకారం ఐకారమైంది. సమాసంలో అప్పటికే హ్రస్వమై ఉన్న ఇకారానికి ఆ మార్పు అంటలేదు. వైజ్, విజ్డమ్ అన్న జంటలో జరిగిందీ అదే. సమాసం గడపలో దాక్కొన్న అచ్చు శతాబ్దాల ధ్వనిమార్పు నుంచి తప్పించుకొన్నదన్న మాట. తెలుగు రాతలో క్రీస్తు దీర్ఘంతోనూ క్రిస్మస్ హ్రస్వంతోనూ ఉండడంలో ఇంగ్లీషువారి ఈ పాత కథ నీడ కనిపిస్తుంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక మెదక్ ఒక అధ్యక్ష మండలం అయింది. దానికి ఇంగ్లీషు పేరు డయొసీస్. దానికి ప్రత్యయం చేర్చి విశేషణం చేస్తే మాట మీది ఊనిక మొదటి అక్షరాన్ని వదిలి రెండో అక్షరం మీదికి జరుగుతుంది, దానితో అక్కడి అచ్చు కూడా మారుతుంది. గ్రీకు, లాటిన్‌ల నుంచి వచ్చిన ప్రత్యయాలు ఇలా మాట లోపలికి చేయి చాచి కదిలిస్తాయి. ఇంగ్లీషు సొంత ప్రత్యయాలు చాలావరకు బయటనే నిలబడతాయి.

ఈ రెండు పొరల తేడాను సిద్ధాంతంగా నిలబెట్టినది ఇటీవలి కాలమే. పదాంశాల వల్ల వర్ణాలు మారే తీరును ఒక ప్రత్యేక శాఖగా 1931లో త్రుబెత్స్‌కోయ్ ప్రతిపాదించగా, 1968లో చామ్‌స్కీ, హాలీలు ఇంగ్లీషు ధ్వనివ్యవస్థ మీద రాసిన గ్రంథం దానిని వివరంగా సాధించింది. 1980లలో కిపార్‌స్కీ, మలయాళ దత్తాంశాలతో కె.పి. మోహనన్, పదం అంచెలంచెలుగా కట్టబడుతుందనీ ఒక్కో అంచెకు తన సంధికార్యాలు ఉంటాయనీ చెప్పారు. తెలుగులో చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే తత్సమాలకు ఒక సంధి, ఆచ్ఛికాలకు ఒక సంధి అని విడదీసి చెప్పాడు. మాట పుట్టుకను బట్టి ధ్వనికార్యం మారుతుందన్న ఎరుక అందులో స్పష్టంగా ఉంది. కూరకు కాయ చేరితే కూరగాయ అయ్యే గసడదవాదేశం ఆచ్ఛికాలకే తప్ప సంస్కృత సమాసాలకు లేకపోవడం దీనికి తార్కాణం. ఆధునిక తెలుగు సంధిని 1957లో శాస్త్రీయంగా విశ్లేషించిన భద్రిరాజు కృష్ణమూర్తి, 1961లో తెలుగు ధాతువుల మీద వెలువరించిన గ్రంథంతోనూ, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో నెలకొల్పిన భాషాశాస్త్ర శాఖతోనూ ఈ రెండు సంప్రదాయాలకూ వంతెన కట్టారు.

2016 అక్టోబరులో పాత జిల్లా మూడుగా విడిపోయి, అంతదాకా సంగారెడ్డిలో ఉన్న జిల్లా కేంద్రం మెదక్ పట్టణానికి వచ్చింది. కొత్త బోర్డుల మీద తెలుగు అక్షరాలలో మెదక్ అని పొల్లుతోనే రాశారు, నర్సాపూర్ అని పొల్లుతోనే రాశారు. రామాయంపేట, పాపన్నపేట, పక్క జిల్లా సిద్దిపేట మాత్రం తెలుగులో అచ్చుతోనే ఉన్నాయి. ఉర్దూ నోట, ఇంగ్లీషు రాతలో ఆ పేటలన్నీ పేట్‌లైనా తెలుగు రాత ఆ పొల్లును ఒప్పుకోలేదు. పేట అన్నది నేటికీ అర్థం తెలిసి వాడే మాట కావడం వల్ల దాని అకారాన్ని తుంచితే మాట తెగినట్టు చెవికి తెలుస్తుంది. పురానికి ఉర్దూలో పూర్ అనే సిద్ధమైన జోడు ఉండడంతో అది దాని స్థానంలో కుదురుకొంది. మెదకు అని విన్నప్పుడు మెతుకు గుర్తుకు రావడం ఎప్పుడో ఆగిపోయింది. అర్థం వదిలిపోయిన మాట కొనలోని ఆ ఉకారం కోసం అడిగేవారు లేకపోయారు.